బురుజు మీది నుంచి

అబద్ధం చెప్పాం. అక్కడి నుంచి మొదలుపెట్టకపోతే ఈ వ్యాసంలో మిగతాదంతా అబద్ధమే అవుతుంది.

2018 రంజాన్‌లో దుబాయ్ పోయినప్పుడు బుర్జ్ ఖలీఫా ఎక్కాం. 124వ అంతస్తు. నేల నుంచి 452 మీటర్లు. లిఫ్ట్‌లో ఒక్క నిమిషం. పైనుంచే కరీంనగర్ జిల్లాలోని మా ఊరికి ఫోన్ చేసి మామూతో మాట్లాడాం. మామూ మొదట అడిగింది పైనుంచి ఏం కనబడుతోందని కాదు. "ఊపర్ చడ్నేకు కిత్తే పైసే లియే రే బేటా?" అన్నాడు. ఎక్కడానికి ఎంత తీసుకున్నార్రా అని. తెలిసినాయన పాస్ ఇప్పించాడు, ఉత్తగనే ఎక్కాం అని చెప్పాం.

నిజానికి పొద్దు గుంకే వేళకి టికెట్ కొన్నాం. ఆ వేళకి రేటు ఎక్కువ. అక్కడ సూర్యాస్తమయానికి వేరే ధర. ఆ ధర, మామూ అదే బురుజు కడుతున్నప్పుడు సంపాదించిన వారం రోజుల కూలి. మామూ అక్కడ సెంట్రింగ్ పని చేశాడు. 2005లో పోయాడు. 2007 వేసవికి ముందు 124వ అంతస్తు స్లాబు పడ్డప్పుడు అక్కడే ఉన్నాడు. మేం నిలబడ్డ నేలకి చెక్కలు బిగించినవాళ్ళలో ఆయనొకడు. బురుజు తెరవక ముందే తిరిగొచ్చేశాడు. చూడ్డానికని ఎప్పుడూ ఎక్కలేదు.

ఎందుకు అబద్ధం చెప్పాం? ఆయన మనసు నొచ్చుకుంటుందనా, మాకు సిగ్గేసిందనా? రెండూ అనుకున్నాం చాలా రోజులు. కానీ ఆ ప్రశ్న మామూ దగ్గర ఆగలేదు. ఎత్తు మీద నిలబడి చూడటం అంటే ఏమిటి? ఆ చూపు ఎవరిది? పైన నిలబడ్డవాడు కిందివాడికి ఏమైనా బాకీ ఉంటాడా? ఎప్పుడూ కిందే ఉన్నామని చెప్పుకునే మాలాంటి వాళ్ళకి ఈ ప్రశ్న అవసరం లేదనుకుంటాం. మాకే ఎక్కువ అవసరమని ఇప్పుడనిపిస్తోంది.

బుర్జ్ అన్నది మాకు కొత్త మాట కాదు. మీకూ కాదు. తెలంగాణలో చాలా ఊళ్ళలో బురుజు ఉంటుంది. అదే అరబ్బీ మాట ఇక్కడి నోళ్ళలో నాని బురుజు అయింది. బురుజు చూపించి ఇది పరాయి మాట, వెళ్ళిపోవాలి అని ఇంకా ఎవరూ అనలేదు. మాటకి దొరికిన పౌరసత్వం మనుషులకి అంత సులువుగా దొరకలేదన్నది వేరే సంగతి.

ఆ బురుజు మీద కావలివాడు నిలబడేవాడు. దూరాన దుమ్ము లేస్తే కేకేసేవాడు. ఎత్తు వాడి సొంతం కాదు. ఊరికోసం చూడమని ఊరే వాడిని ఎక్కించింది. అదే ఊళ్ళో గడీ కూడా ఉండేది. గడీ మేడ మీద దొర నిలబడేవాడు. కావలివాడు ఊరికి వీపు పెట్టి బయటికి చూసేవాడు. దొర ఊరివైపు తిరిగి చూసేవాడు. ఎవడి ఎడ్లు ఎక్కడ మేస్తున్నాయో, ఎవడు వెట్టికి రాలేదో, ఎవరి ఇంట్లో ఆడపిల్ల ఎదిగిందో. ఎత్తు ఇద్దరిదీ ఎత్తే. చూపు తిరిగిన దిక్కు వేరు.

మా తరానికి ఎత్తు అంటే ముందు గుర్తొచ్చేది ఒక ఫోటో. 1992 డిసెంబర్ 6. బాబ్రీ మసీదు గుమ్మటాల మీద నిలబడ్డ మనుషులు. వాళ్ళు అక్కడి నుంచి ఏదో చూద్దామని ఎక్కలేదు. కనబడటానికి ఎక్కారు. కూల్చడానికి ఎక్కారు. పొద్దు గుంకేసరికి వాళ్ళ కాళ్ళ కింది ఎత్తు కూడా మిగల్లేదు. ఆ రోజు నుంచి మాకొక జబ్బు పట్టుకుంది. ఎక్కడ ఏ పెద్ద కట్టడం చూసినా ఇది ఎవరిది అని లెక్కేసుకునే జబ్బు. గోల్కొండ మాది, చార్మినార్ మాది, ఎర్రకోట మాది. మాది అనుకున్న వాటిలో మా తాతలు ఒక గదిలోనైనా పడుకున్నారా అని ఆలోచించలేదు. రాళ్ళు మోసి ఉంటారు. దూది ఏకి ఉంటారు. గుర్రాలకు నాడాలు కొట్టి ఉంటారు. నవాబులతో మాకున్న చుట్టరికం మా శత్రువులు కట్టబెట్టింది. మేం కాదనకుండా పుచ్చుకున్నాం.

అందుకే 2010 జనవరి 4న బుర్జ్ ఖలీఫా తెరిచారనగానే మా గల్లీలో "మనోళ్ళది" అన్నారు. 828 మీటర్లు. లోకంలో అంతకంటే ఎత్తైన కట్టడం లేదు. మక్కా, మదీనా పటాల పక్కన దుబాయ్ బురుజు బొమ్మ వేలాడింది. పడగొట్టించుకున్నవాళ్ళకి ఎక్కడో ఒకటి నిలబడిందంటే కలిగే సంతోషాన్ని మేం ఎగతాళి చెయ్యం. మేమూ సంతోషపడ్డాం. కానీ సంతోషం లెక్క తప్పించుకోకూడదు.

లెక్క చూద్దాం. దాన్ని గీసింది చికాగో కంపెనీ. స్కిడ్మోర్, ఓవింగ్స్ అండ్ మెర్రిల్. వాస్తుశిల్పి ఏడ్రియన్ స్మిత్, ఇంజనీరు బిల్ బేకర్. కట్టిన గుత్తేదార్లలో కొరియావాళ్ళున్నారు, బెల్జియంవాళ్ళున్నారు, దుబాయ్‌వాళ్ళున్నారు. ఇక్కడ మావాళ్ళు ఇంకో పేరు తీస్తారు. ఫజ్లుర్ రహమాన్ ఖాన్. తూర్పు బెంగాల్ మనిషి. అదే చికాగో కంపెనీలో ఇంజనీరు. 1974లో చికాగోలో పూర్తయిన 442 మీటర్ల సియర్స్ టవర్‌ని నిలబెట్టింది ఆయన ఆలోచనే. గొట్టాలను కట్టకట్టినట్టు కడితే తక్కువ ఉక్కుతో ఎక్కువ ఎత్తు పోవచ్చన్నాడు. ఈనాటి ఆకాశహర్మ్యాలన్నీ ఆయనకు బాకీపడ్డవే. జిద్దాలో హాజీలు దిగే విమానాశ్రయానికి గుడారాల్లాంటి కప్పు వేసినవాళ్ళలోనూ ఆయనున్నాడు. 1982లో ఆ జిద్దాలోనే చనిపోయాడు. ఆయన గొప్పవాడు. అయితే ఆయన్ని మనోడు అనుకునే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. 1971లో ఆయన చికాగోలో కూచుని చందాలు పోగు చేసింది బెంగాలీ ముస్లింల మీద పాకిస్తానీ ముస్లిం సైన్యం చేస్తున్న అత్యాచారాలకు వ్యతిరేకంగా. మనోళ్ళు అన్న మాట ఆయనకి కూడా అంత సులువుగా కుదరలేదు.

ఆ బురుజు నేలలో దిగేసిన కాంక్రీటు స్తంభాలు 192. యాభై మీటర్ల లోతు దాకా పోయాయి. పైకి పోయే ఎత్తుని ఎవరూ చూడని లోతు మోస్తుంది. ఎండాకాలంలో కాంక్రీటు రాత్రిళ్ళు పోసేవాళ్ళు. పగటి వేడికి అది బిగుసుకుపోయి పగుళ్ళిస్తుందని. కాంక్రీటు పట్ల చూపిన ఆ జాగ్రత్త మనుషుల పట్ల కూడా చూపారా అని అడగాలి. 2006 మార్చిలో ఆ స్థలంలో సుమారు 2,500 మంది కూలీలు తిరగబడ్డారు. బస్సులు ఆలస్యమయ్యాయన్నది నిప్పురవ్వ. మంట కూలి డబ్బులది. ఆనాటి పత్రికల ప్రకారం వడ్రంగికి రోజుకు నాలుగు పౌండ్ల పైచిలుకు, మామూలు కూలీకి మూడు పౌండ్ల లోపు. మరునాడు విమానాశ్రయం కట్టే కూలీలు కూడా వాళ్ళకి మద్దతుగా పని ఆపారు. మామూ ఆ గుంపులో ఉన్నాడో లేడో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పాస్‌పోర్టు ఆయన్ని పనిలో పెట్టినవాళ్ళ బీరువాలో ఉండేదని, వచ్చేటప్పుడు రెండు నెలల జీతం వదులుకుని వచ్చాడని మాత్రం తెలుసు.

పేరు సంగతి కూడా చూడండి. కడుతున్నంత కాలం అది బుర్జ్ దుబాయ్. 2009 చివర్లో దుబాయ్ అప్పుల్లో మునిగింది. అబూ దాబీ వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకుంది. జనవరిలో తెర తీసేసరికి అది అబూ దాబీ పాలకుడి పేరున బుర్జ్ ఖలీఫా అయింది. అంటే అప్పు తీర్చినవాడి పేరు గోడ మీదికెక్కింది. చెక్కలు బిగించినవాడి పేరు మస్టర్ కాగితంలో ఉండిపోయింది. ఇందులో ఇస్లాం ఎక్కడుంది?

ఇంకో మాట. మామూని అక్కడి అరబ్బులు ఏమని పిలిచేవాళ్ళో తెలుసా? "హిందీ" అని. అరబ్బీలో హిందీ అంటే హిందుస్తాన్‌వాడు. సిరిసిల్ల పద్మశాలీ హిందీయే, కేరళ నసరానీ హిందీయే, మా మామూ కూడా హిందీయే. ఇక్కడ తురకోడు అని పిలిపించుకుని, అరబ్బు దేశం పొమ్మనిపించుకుని, తీరా అరబ్బు దేశం పోతే అక్కడ హిందీ అనిపించుకోవడం ఎట్లా ఉంటుందో మాకే తెలుస్తుంది. నిజానికి మామూకి ఆ పిలుపు నచ్చేది. ఇరవై నాలుగు గంటలూ రుజువులడగకుండా తనని హిందుస్తానీ అన్నది వాళ్ళేనంటాడు.

ఇక్కడికొచ్చేసరికి మా సెక్యులర్ మిత్రులు తల ఊపుతారని తెలుసు. చూశారా, ఉన్నది వర్గమే. పైన డబ్బున్నవాడు, కింద కూలీ. ఇంక ముస్లిం అస్తిత్వం అంటూ వేరే గొడవెందుకు అంటారు. సోనాపూర్ క్యాంపులో మామూ గదిలో ఎనిమిది మంది. రెండంతస్తుల మంచాలు. మామూ కింది మంచం, సిరిసిల్ల నేతపని మనిషి పై మంచం. ఒకే కుక్కర్. పండక్కి ఒకరి సేమ్యా, ఒకరి గారెలు. ఆ గదిలో "మేం" అంటే ఎనిమిది మంది అనే అర్థం. నిజమే. ఆ నిజాన్ని మేం ఎవరికీ తాకట్టు పెట్టం.

కానీ కథ ఆ గదిలో అయిపోదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది జుమ్మా నమాజుకొచ్చినవాళ్ళు. అనుమానం మీద పట్టుకుపోయింది కూడా మా పిల్లల్నే. హింసలు పెట్టారు. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన ఉద్యోగాలు, చదువులు, చెడిపోయిన సంబంధాలు వెనక్కి రాలేదు. ఆ యేడాది చివర మామూ, ఆ నేతపని మనిషి ఒకే విమానంలో ఇంటికొచ్చారు. ఇద్దరి దగ్గరా ఒకేరకం సూట్‌కేసు, ఒకేరకం సెంటు సీసా, ఒకేరకం దుప్పటి. ఆయన తెచ్చింది దుబాయ్ సంపాదన. మా మామూ తెచ్చింది "విదేశీ డబ్బు." ఆయన ఇల్లు కడితే కష్టపడి కట్టాడన్నారు. మామూ ఇంటిమీద ఒక గది వేస్తే ఎక్కడిదీ సొమ్మని అడగడానికి ఒక కానిస్టేబుల్ రెండుసార్లు వచ్చిపోయాడు.

అదే కూలి, అదే ఎండ, అదే మంచం. ఊరికొచ్చేసరికి రెండు రకాల డబ్బు అయింది. ఆ తేడాకి వర్గం అన్న ఒక్క మాటలో జవాబు దొరికితే మాకు చెప్పండి, రాయడం మానేస్తాం. సెక్యులర్ మిత్రులారా, మీరు కూడా ఒక ఎత్తు మీదే నిలబడి చూస్తున్నారు. అక్కడినుంచి చూస్తే మనుషులందరూ ఒకే సైజు చీమల్లా కనిపిస్తారు. చీమల్లో తురక చీమ, శాలె చీమ ఉండవు. సమానత్వం అని మీరనుకుంటున్నది దూరం వల్ల వచ్చిందేమో ఒకసారి చూసుకోండి.

మరి మేం ఎప్పుడూ కిందే ఉన్నామా? అట్లా అంటే మళ్ళీ మామూకి చెప్పిన అబద్ధంలాంటిదే ఇంకొకటి చెప్పినట్టు. మాలో సయ్యద్, షేక్, మొఘల్, పఠాన్ అని నాలుగు మెట్లు లెక్కబెట్టుకునేవాళ్ళు దూదేకులవాళ్ళని, ఫకీర్లని, మెహతర్లని ఎక్కడి నుంచి చూస్తున్నారు? దూదేకులవాళ్ళకి ఉర్దూ రాదని నవ్విన నోళ్ళు మావి కావా? మా ఖాలా హజ్‌కు పోయి కాబా ముందు లక్షలమంది మగవాళ్ళ మధ్య నమాజు చేసొచ్చింది. మా ఊరి మసీదు గడప మాత్రం ఈనాటికీ ఎక్కలేదు. అది ఎవరు కట్టిన ఎత్తు? హిందుత్వవాదులు కట్టారా?

మౌల్సాబ్‌లను అడిగితే ఈ బురుజుల సంగతి ఒక్క హదీసుతో తేల్చేస్తారు. కాళ్ళకు చెప్పుల్లేని గొర్రెల కాపర్లు ఎత్తైన భవనాలు కట్టడంలో పోటీపడటం ఖయామత్ గుర్తుల్లో ఒకటి అన్న భావం ఆ హదీసులో ఉంది. దుబాయ్ బురుజు పేరు వినగానే అది చదువుతారు. చదివి ఊరుకుంటారు. అక్కడినుంచి వచ్చిన చందాతో మసీదు మీనార్ ఇంకో పది అడుగులు లేపుతారు. కట్టడం ఎత్తు తప్పా, ఆ పోటీ తప్పా, ఆ ఎత్తుతో చేసే పని తప్పా అన్న విచారణ ఉండదు.

విచారణకు కావలసింది మా ఇళ్ళలోనే ఉంది. మామూ ఆ పైగది వేసినప్పుడు మా నానీ పిట్టగోడ ఆరడుగులు లేపించింది. ఇటుకలు దండగ కదా అన్నాడు మేస్త్రీ. "పక్కోళ్ళ ఆంగన్ కనబడొద్దు" అంది. పక్కింటివాళ్ళు మంగలోళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు వాకిట్లో స్నానాలు చేస్తారు, తల దువ్వుకుంటారు. మనం పైకి పోయినందుకు వాళ్ళు లోపలికి పోవాలా అని ఆమె లెక్క. మీనార్ ఎక్కి అజాన్ ఇచ్చే మౌజన్‌లుగా పాతకాలంలో కొన్ని పట్నాల్లో చూపులేనివాళ్ళనే పెట్టేవాళ్ళని చెప్పుకుంటారు, ఇదే కారణంతో. మా నానీకి ఆ కథ తెలియదు. ఎత్తు పెరిగితే కన్నుకి పని తగ్గాలని మాత్రం తెలుసు.

ఆ రోజు బురుజు మీద మాకు ఇంకో సంగతి అర్థమైంది. రోజా ఉన్నాం. జేబుల్లో ఖర్జూరాలు పెట్టుకున్నాం. కింద షేక్ జాయెద్ రోడ్డు మీద కార్లు, అటు సముద్రం, ఇటు ఎడారి. సోనాపూర్ ఎటువైపో వెతికాం. దుమ్ములో కలిసిపోయింది. ఇంతలో ఫోన్లలో మగ్రిబ్ అజాన్ మోగింది. ఖర్జూరం నోటిదాకా పోయింది. అక్కడ పనిచేస్తున్న ఒక పాకిస్తానీ కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "దో మినిట్ ఔర్, భాయీ." సముద్రం వైపు చూపించాడు. సూర్యుడు ఇంకా ఉన్నాడు.

2011 రంజాన్‌లో దుబాయ్ ముఫ్తీలు ఈ మాట చెప్పారు. ఎత్తున ఉన్నవాళ్ళకి సూర్యుడు ఎక్కువసేపు కనబడతాడు. కాబట్టి 80వ అంతస్తు పైన ఉన్నవాళ్ళు రెండు నిమిషాలు ఆగి, 150వ అంతస్తు పైన ఉన్నవాళ్ళు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చెయ్యాలి. తెల్లవారి సహరీ కూడా ముందే ఆపాలి. అప్పట్లో పేపర్లో చదివి నవ్వుకున్నాం. అక్కడ నిలబడ్డాక నవ్వు రాలేదు. కింద రోడ్డు పక్కన చాపలు పరిచి కూలీలు తినడం మొదలుపెట్టి ఉంటారు. 124లో మేం చేతిలో ఖర్జూరం పట్టుకుని చూస్తున్నాం. మా మీద ఇంకా ఎత్తున ఉన్న అమీరు ఇంకో నిమిషం ఆగాలి.

రెండు నిమిషాలు ఎంత? ఏమీ కాదు. కానీ ఈ లోకంలో ఎత్తు మీదున్నవాడికి అన్నీ ముందే అందుతాయి. నీళ్ళు ముందు, కరెంటు ముందు, న్యాయం ముందు. ఒక్క ఈ లెక్కలో మాత్రం కిందివాడు ముందు తింటాడు, పైవాడు ఆగుతాడు. ఎవరో దయతలచి పెట్టిన నియమం కాదిది. నీకు వెలుతురు ఎక్కువ కనబడుతోంది కాబట్టి నీ ఉపవాసం ఎక్కువ అన్నారు, అంతే. ఎక్కువ కనబడినవాడికి ఎక్కువ బాధ్యత. ఎత్తు మీద నిలబడటానికి మాకు తెలిసిన షరతు ఇదొక్కటే.

ఈ షరతుతో కొలిస్తే ఏ ఎత్తు నిలుస్తుంది? ఈ దేశంలో మెజారిటీ అన్నది ఒక ఎత్తు. అక్కడ నిలబడినవాళ్ళు రెండు నిమిషాలు ఆగుతున్నారా, లేక కిందివాళ్ళ ఆంగన్‌లోకి, కూరగిన్నెలోకి తొంగిచూస్తున్నారా? దొర చూపా, కావలివాడి చూపా? ఇదే ప్రశ్న అష్రాఫులకు, ఇదే ప్రశ్న మగవాళ్ళకు, ఇదే ప్రశ్న నాలుగు పుస్తకాలు చదివి ఊరి గురించి రాసే మాకు.

ఖలీఫా అన్న మాటకి ఖురాన్‌లో మొదటి అర్థం రాజు కాదు. భూమి మీద మనిషిని ఖలీఫాగా పెడుతున్నానని అల్లా దూతలతో అన్నాడు. ప్రతినిధి, అప్పగించినదాన్ని చూసుకునేవాడు. ఆ లెక్కన మామూ ఖలీఫా, పై మంచం నేతపని మనిషి ఖలీఫా, దో మినిట్ అన్న కుర్రాడు ఖలీఫా. గోడ మీద పేరు ఒకరిదే ఉంది. మాట మాత్రం అందరిది.

ఈ మధ్య ఊరు పోయినప్పుడు మామూకి నిజం చెప్పాం. టికెట్ కొన్నామని, ఎంతకో కూడా చెప్పాం. తిడతాడనుకున్నాం. బాధపడతాడేమోనని భయపడ్డాం. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. తర్వాత నవ్వాడు. "హమ్నా తో ముఫ్త్ మే చడాయే థే బేటా" అన్నాడు.

మా ఇంటి భాషలో హమ్ అంటే మేం కావచ్చు, మనం కావచ్చు. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఇన్నాళ్ళూ ఆ సందేహం వచ్చినప్పుడల్లా మేం అన్నది మేమే ఎంచుకున్నాం. మేం అని రాసి, మీరు ఆ గీతకి అవతల ఉన్నారని మీతో చెప్పాం. మామూ మాటని తెలుగులో రాయబోతే మొదటిసారి మేం గీతకి అవతల పడ్డాం. "మనల్ని ఉత్తగనే ఎక్కించారు" అని రాస్తే అబద్ధం. టికెట్ కొని లిఫ్ట్‌లో పోయిన మేం ఆ హమ్‌లో లేం. అది ఆయనది, ఆ గది ఎనిమిది మందిది, స్లాబు కింద చెక్కలు పట్టుకుని నిలబడినవాళ్ళది.

అందుకని ఇట్లా రాస్తున్నాం: "మమ్మల్ని ఉత్తగనే ఎక్కించారు బిడ్డా."